కరెంటు పోయినా చెదరని లెక్క

హిజ్లీలో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రాంగణంలో పాత నిర్బంధ శిబిరం ఉంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ నిరాయుధ ఖైదీలపై తెల్లదొరల పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులయ్యారు. 1951లో ఆ భవనంలోనే దేశపు తొలి ఐఐటీ మొదలైంది. చుట్టూ ఉన్నది రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. సింగిల్ లైనులో టోకెన్ చేతికి అందనిదే బండి కదలకూడదని, సిగ్నల్ వ్యవస్థ చెడితే ఎర్రదీపమే వెలగాలని ఆ ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. యంత్రం చెడవచ్చు, కానీ చెడినప్పుడు ప్రమాదం జరగకూడదు. ఈ సూత్రం మన సైనిక కంప్యూటర్లకూ వర్తించాలి.

నా సర్వీసులో ఒక విన్యాసం మధ్యలో జనరేటర్ ఆగిపోయింది. మళ్లీ కంప్యూటర్ వేసి చూస్తే, రాత్రంతా తయారు చేసిన ఫైలు పేరు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. చేత్తో రాసిన లాగ్‌బుక్కే ఆ రోజు మమ్మల్ని ఆదుకుంది.

ఎందుకిలా? ఫైలును సేవ్ చేయడం ఒక్క పని కాదు. సమాచారం, ఫైలు వివరాలు, డిస్కులో ఖాళీ స్థలాల లెక్క విడివిడిగా రాయాలి. మధ్యలో కరెంటు పోతే లెక్క తప్పుతుంది. పూర్వం డిస్కు మొత్తం తనిఖీ చేయాల్సి వచ్చేది. పెద్ద డిస్కులకు గంటలు పట్టేది. దీనికి విరుగుడే జర్నల్. చేయబోయే మార్పును ముందు అందులో రాసి, పూర్తయిందని ముద్ర వేస్తారు. తిరిగి లేచాక ముద్ర ఉన్నవాటిని అమలు చేసి, లేనివాటిని వదిలేస్తారు. మన వైర్‌లెస్ లాగ్ క్రమశిక్షణా ఇలాంటిదే.

అయితే జర్నల్ ఉంటే చాలని నిశ్చింతగా ఉండకూడదు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 మామూలు అమరికలో జర్నల్ కాపాడేది ఫైలు వివరాలనే, లోపలి సమాచారాన్ని కాదు. 2009లో కంప్యూటర్ హఠాత్తుగా ఆగినప్పుడు ఫైళ్లు సున్నా బైట్లుగా మిగులుతున్నాయని వినియోగదారులు ఫిర్యాదు చేశారు. రూపకర్తలు కొన్ని జాగ్రత్తలు చేర్చారు. అయినా అసలు బాధ్యత అప్లికేషన్ రాసేవారిదే. కొత్త ఫైలులో రాయాలి, ఎఫ్‌సింక్‌తో డిస్కుకు చేర్చాలి, ఆ తర్వాతే పాతదాని పేరు దానికివ్వాలి. జర్నల్ బ్యాకప్ కాదనీ గుర్తుంచుకోవాలి.

2023లో రక్షణ శాఖ ఉబుంటు ఆధారిత మాయా ఓఎస్‌ను ముందుకు తెచ్చింది. స్వాగతించాల్సిన నిర్ణయం. వైరస్‌ల నుంచి రక్షణ ఎంత ముఖ్యమో, కూలిన తర్వాత సరిగ్గా లేవడమూ అంతే ముఖ్యం. సియాచిన్‌లోనో ఎడారిలోనో కరెంటు చెప్పి పోదు. కాబట్టి సైన్యం కొనే ప్రతి వ్యవస్థకూ, పని నడుస్తుండగా పదేపదే ప్లగ్ పీకి చూసే పరీక్ష తప్పనిసరి చేయాలి. రాసిన ఆజ్ఞ చెదరకుండా ఉందని తేలాకే సంతకం పెట్టాలి.