మీకు తెలుసా? ఎక్స్‌ట్ జేఎస్‌లో పొట్టిపేరు చేసే పెద్ద పని

జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ట్ జేఎస్‌లో మనం సొంతంగా తయారుచేసుకున్న కాంపోనెంట్‌కు ‘ఎక్స్‌టైప్’ అనే పొట్టిపేరు పెట్టుకోవచ్చు. ‘మైయాప్.వ్యూ.స్టూడెంట్.ఫారం’ అనే క్లాసునే తీసుకోండి. దాని నిర్వచనంలో ఎక్స్‌టైప్‌గా ‘స్టూడెంట్‌ఫారం’ అని ఒక్క లైను రాస్తే చాలు. ఆ తర్వాత ఏ ప్యానెల్‌లోనైనా, ఏ ట్యాబ్‌లోనైనా ఆ చిన్న పేరుతోనే దాన్ని వాడుకోవచ్చు.

లాభం టైపింగ్ తగ్గడం ఒక్కటే కాదు. పేరు రాసినంత మాత్రాన కాంపోనెంట్ తయారైపోదు. అప్పటికి అది వట్టి వివరాల జాబితాయే. కంటైనర్ దాన్ని తనలో చేర్చుకునేటప్పుడే ఫ్రేమ్‌వర్క్ అసలు కాంపోనెంట్‌ను సృష్టిస్తుంది. కాబట్టి ఒక విండోను సృష్టించేదాకా అందులోని ఫారాలు, గ్రిడ్‌లు మెమరీకి భారం కావు.

మూడో వెర్షన్ దాకా ఈ పేరును ‘ఎక్స్‌ట్.రెగ్’తో విడిగా నమోదు చేసేవారు. 2011లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ‘ఎక్స్‌ట్.డిఫైన్’ లోపలే రాస్తున్నారు. ఎక్స్‌టైప్‌కు బదులు ‘ఏలియాస్’గా రాస్తే మాత్రం పేరుకు ముందు ‘విడ్జెట్.’ అని తప్పకుండా ఉండాలి.

జాగ్రత్త! పొట్టిపేరును బట్టి క్లాసు ఫైలు ఎక్కడుందో ఫైళ్లను తెచ్చే లోడర్ కనిపెట్టలేదు. ఆ పొట్టిపేరును వాడే క్లాసులో ‘రిక్వైర్స్’ కింద కాంపోనెంట్ పూర్తి పేరు ఇవ్వండి. రెండు క్లాసులకు ఒకే పొట్టిపేరు ఎప్పుడూ పెట్టకండి.