జేబులో గిరీశం: చేతిఫోను ప్రకటనల భాష

వ్యాపార ప్రకటనకు సాహిత్య విమర్శలో చోటెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇవాళ చదువుకున్న తెలుగువాడు రోజు మొత్తంలో ఒక కథ చదవకపోవచ్చు, ఒక కవిత చదవకపోవచ్చు. చేతిఫోను మీద మెరిసే రెండు వాక్యాల ప్రకటనను మాత్రం చదవకుండా ఉండలేడు. ఇంతమంది చదివే వచనం ఎలా పుడుతున్నదో, ఎవరి ప్రయోజనానికి పనిచేస్తున్నదో తెలుసుకోవడం విమర్శకుల బాధ్యత.

ముందు దాని భౌతిక పునాదిని చూద్దాం. 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను అమ్మకానికి వచ్చాయి. 2009లో ఆపిల్ సంస్థ తన ఫోనులలో ‘పుష్ నోటిఫికేషను’ ఏర్పాటు చేసింది. అంటే, మనం యాప్ తెరవకపోయినా దాని యజమాని మనకు కబురు పంపగలడు. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో ప్రవేశించి కొన్ని నెలలపాటు డేటాను ఉచితంగా ఇచ్చింది. ఆ పోటీలో ధరలు పడిపోయి ఇంటర్నెట్ పల్లెల దాకా పాకింది. అదే సంవత్సరం యు.పి.ఐ. చెల్లింపులు మొదలై, అంగడీ గల్లాపెట్టే ఒకే తెర మీదికి వచ్చాయి. పూర్వం పత్రికలో ప్రకటన చూసినవాడికి దుకాణానికి నడిచి వెళ్ళేలోగా ఆలోచించుకునే వ్యవధి ఉండేది. ఆ వ్యవధిని తొలగించడమే ఈ కొత్త ఏర్పాటు సారాంశం.

ఇక వినియోగదారుడి సంగతి. అతను ఉత్సాహంగా దించుకున్న యాప్‌లలో చాలావాటిని కొద్ది రోజులకే మరచిపోతాడు. నిత్యం తెరిచేవి కొన్నే: కబుర్లకు ఒకటి, వీడియోలకు ఒకటి, చెల్లింపులకు ఒకటి. తక్కినవి తెర మూలన పడి ఉంటాయి. మరచిపోయినవాడిని మళ్ళీ రప్పించడం ఫోను వ్యాపార ప్రచారంలో ఒక ముఖ్యమైన పని. అందుకు ముడిసరుకు మన నడవడి. ఏ వస్తువును ఎంతసేపు చూశాం, బుట్టలో వేసి దేన్ని కొనకుండా వదిలేశాం, ఏ వేళకు భోజనం తెప్పించుకున్నాం అన్నవి నమోదవుతాయి. వాటినిబట్టి జనాన్ని గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క మాట పంపుతారు. ప్రకటనల మీద బతికే ప్రసార సాధనాలు అమ్మే అసలు సరుకు ప్రేక్షకులేనని కెనడా మార్క్సిస్టు డాలస్ స్మైథ్ 1977లో వాదించాడు. టెలివిజన్ ఆ సరుకును టోకుగా అమ్మింది. ఫోను చిల్లరగా, మనిషిని మనిషిగా తూచి అమ్ముతున్నది.

ఆ మాట తయారయ్యే తీరు రచయితలు ప్రత్యేకంగా గమనించదగ్గది. ఒకే ప్రకటనకు రెండు వాక్యాలు రాస్తారు. ఒకటి ‘బియ్యం ధర తగ్గింది’ అంటుందనుకుందాం. రెండోది ‘అక్కా, మీ బుట్ట మీకోసం ఎదురుచూస్తోంది’ అంటుందనుకుందాం. చెరికొంతమందికి చెరొక వాక్యం పంపి, దేన్ని ఎక్కువమంది వేలితో తాకారో లెక్కగట్టి, నెగ్గినదాన్ని తక్కినవారికి పంపుతారు. దీన్ని ‘ఏ/బి పరీక్ష’ అంటారు. చదివినవాడు తనకు తెలియకుండానే పరీక్షకుడవుతున్నాడు. వాక్యం నిజమా, ఉచితమా అన్న ప్రశ్నలకు ఈ పరీక్షలో తావు లేదు. వేలు తాకిందా లేదా అన్నదే గీటురాయి. ఆ గీటురాయి మీద తొందర, భయం, సిగ్గు, అరువు తెచ్చుకున్న చుట్టరికం సులువుగా నెగ్గుతాయి.

మనిషినిబట్టి మాట మార్చే విద్య మనకు కొత్తది కాదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశం దగ్గర ఇంగ్లీషు దర్జా చూపుతాడు, అగ్నిహోత్రావధానుల దగ్గర దావాలకు సాయపడే మనిషవుతాడు, బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహం మాట్లాడతాడు. కాని ప్రేక్షకులు అన్ని రంగాలనూ వరసగా చూస్తారు. చూస్తారు కాబట్టే నవ్వగలుగుతారు, నిజం గ్రహించగలుగుతారు. ఫోనులో ఎవరి గిరీశం వారి జేబులో ఉన్నాడు. పక్కవాడితో ఏమన్నాడో మనకు తెలియదు. విమర్శకు ఆధారమైన ఆ సమగ్ర దృశ్యమే ఇక్కడ మాయమైంది.

ఇలాంటి మోసాలను ప్రభుత్వం కూడా కొంత గుర్తించక తప్పలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు ‘డార్క్ పాటర్న్’ల పేరుతో 13 రకాల మాయోపాయాలను నిషేధించాయి. వాటిలో కొన్ని కేవలం భాషా వ్యవహారాలే. సరుకు అయిపోతున్నదని అబద్ధపు తొందర పెట్టడం ఒకటి. వద్దనేవాడిని సిగ్గుపరచడం మరొకటి. విమానం టిక్కెట్టుతోబాటు బీమా అక్కరలేదంటే, ‘నాకు రక్షణ అక్కరలేదు’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని మనచేతే నొక్కించడం దీనికి ఉదాహరణ. అక్కడ ఉత్తమపురుష సర్వనామం మనది, వాక్యం వ్యాపారిది. 2023లోనే పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి నోటీసును ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలంటున్నది. అందులో తెలుగూ ఉంది. ఆ నోటీసు ఎలాంటి తెలుగులో వస్తుందన్నది మనం పట్టించుకోవలసిన విషయం. రమ్మని పిలిచేటప్పుడు ‘అక్కా’ అని, హక్కులు చెప్పేటప్పుడు ఎవరికీ అర్థంకాని అనువాద భాషలో గొణిగితే, చట్టం అమలైనట్టు కాదు.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అదే ఫోనులో చీర ఫొటో పంపి దళారీ లేకుండా నేరుగా అమ్ముకుంటున్న నేతపనివారున్నారు. ప్రశ్న సాధనం గురించి కాదు, అది ఎవరి అదుపులో ఉన్నదన్న దాని గురించి. తెలుగు చదివే విద్యార్థులు చేయగల చిన్న పని ఒకటుంది. పదిమంది తమ ఫోనులను పక్కపక్కన పెట్టి, ఒకే వారంలో ఒకే యాప్ ఎవరికి ఏ వేళ ఏ మాట పంపిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. వక్త ఎవరు, శ్రోత ఎవరు, దాచినదేమిటి అని పాఠ్యగ్రంథాన్ని అడిగే ప్రశ్నలే వాటినీ అడగాలి. విడివిడిగా ఆడిన రంగాలు అప్పుడు ఒక్క నాటకంగా కనిపిస్తాయి.