పరికరాల ఇరుగుపొరుగు

మీడియం వేవ్ రేడియోలో వార్తలు వింటూ ఉంటారు. ఇంతలో వంటింట్లో మిక్సీ తిరుగుతుంది. వార్తలు పోయి గరగర మిగులుతుంది. మిక్సీలో లోపం లేదు, రేడియోలోనూ లేదు. దేని పని అది చేస్తూనే ఉంది. మరి చిక్కెక్కడ వచ్చింది?

మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్షులు తిరిగే రాగి పలకలను ఒరుసుకుంటూ ఉంటాయి. అక్కడ విద్యుత్తు తెగి కలిసిన ప్రతిసారీ సన్నని నిప్పురవ్వ పుడుతుంది. దానితో పాటే రేడియో తరంగాలూ పుడతాయి. అవి కొంత గాలిలోంచి, కొంత ఇంటి వైర్ల వెంబడి రేడియోను చేరతాయి. పరికరాలు ఒకదాని పనికి ఒకటి అడ్డురాకుండా కలిసి పనిచేయగలగడాన్ని విద్యుదయస్కాంత అనుకూలత అంటారు. ఇంజనీర్ల వాడుకలో ఇదే ఈఎంసి.

రొదకు కొలత

రేడియో ప్రసారాలు ఇంటింటికీ చేరాక ఈ గొడవ ముదిరింది. ఒక దేశంలో చేసిన మోటారు మరో దేశంలో అమ్ముడయ్యేది. ఒక్కో దేశానికి ఒక్కో కొలత ఉంటే ఎలా? అందుకే 1933లో నిపుణులు పారిస్‌లో సమావేశమై ‘సిస్పర్’ అనే అంతర్జాతీయ సంఘానికి పునాది వేశారు. ఏ పరికరం ఎంత రొద చేయవచ్చు, దాన్నెలా కొలవాలి అన్న ప్రమాణాలను ఆ సంఘం నేటికీ రూపొందిస్తోంది.

మన దేశంలో విద్యుత్, టెలికాం శాఖల సమన్వయ సంఘం 1949లోనే ఏర్పడింది. హైటెన్షన్ లైనుకు సమాంతరంగా టెలిఫోన్ తీగ సాగితే, అందులో ప్రమాదకరమైన వోల్టేజి ప్రేరేపితం కావచ్చు. లైను వేసే ముందే దాన్ని లెక్కగట్టడం ఈ సంఘం చేపట్టిన పని.

ఇళ్ళలో వాడే కంప్యూటరు వంటి వాటికి నేటి హద్దు ఎంతో తెలుసా? 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు, 10 మీటర్ల దూరంలో క్షేత్ర బలం మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులు మించరాదు. ఇంత చిన్న విలువను కొలవాలంటే బయటి తరంగాలు చొరబడని, లోపలి తరంగాలు గోడలకు తగిలి తిరిగి రాని ప్రత్యేకమైన గది కావాలి.

రొద హద్దు దాటితే మందు మూడు చోట్ల వేయవచ్చు. పుట్టేచోట తగ్గించవచ్చు. దారిలో దూరంతోనో, లోహ కవచంతోనో అడ్డుకోవచ్చు. వినే పరికరంలో ఫిల్టర్ పెట్టి, అక్కరలేనిది లోపలికి రాకుండా చేయవచ్చు.

ఢిల్లీ పొగమంచులో

ఈ మూడు మందులూ ఢిల్లీ విమానాశ్రయం దగ్గర ఎలా పనికొచ్చాయో చూడండి. చలికాలంలో అక్కడ దట్టమైన పొగమంచు పడుతుంది. రన్‌వే మీద చూపు 50 మీటర్లకు మించి ఆనకపోయినా, తగిన పరికరాలు, శిక్షణ పొందిన పైలట్లు ఉన్న విమానాలు దిగగలవు. నేల ఇంకెంత దూరంలో ఉందో అప్పుడు చెప్పేది రేడియో ఆల్టిమీటర్. ఇది 4,200–4,400 మెగాహెర్ట్జ్ తరంగాలను కిందికి పంపి, నేలను తాకి తిరిగొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది.

ఆ లెక్క తప్పితే? 2009 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒక టర్కిష్ విమానంలో ఆల్టిమీటర్ తప్పు ఎత్తు చూపింది. ఆటోమేటిక్ యంత్రాంగం విమానం నేలను చేరిందనుకుని ఇంజన్ల బలాన్ని తగ్గించేసింది. విమానం కూలి తొమ్మిది మంది చనిపోయారు. అది బయటి తరంగాల వల్ల జరిగిందని కాదు. కానీ ఆ ఒక్క అంకె ఎంత విలువైనదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

2022 అక్టోబరులో మన దేశంలో 5జి సేవలు మొదలయ్యాయి. వాటికిచ్చిన పౌనఃపున్యాల్లో 3,300–3,670 మెగాహెర్ట్జ్ పట్టీ ఒకటి. ఆల్టిమీటర్ పట్టీకి దీనికి మధ్య 530 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది. అయినా నిపుణులకు అనుమానం తీరలేదు. కారణం టవర్లు హద్దు మీరడం కాదు. కొన్ని పాత ఆల్టిమీటర్లలో ఫిల్టర్లు బలహీనంగా ఉండి, పక్క పట్టీలోని గట్టి గొంతును కూడా అవి వింటాయి.

ఆ ఏడాది నవంబరులో టెలికాం శాఖ ఆపరేటర్లకు ఉత్తర్వు ఇచ్చింది. రన్‌వే రెండు చివరల నుంచి 2,100 మీటర్ల వరకు, మధ్య గీత నుంచి 910 మీటర్ల వరకు ఆ పట్టీలో 5జి స్టేషన్లు పెట్టకూడదు. ఆ పరిధిని ఆనుకుని మరో 540 మీటర్ల వరకు పెట్టే స్టేషన్ల శక్తిని తగ్గించాలి. విమానాల ఆల్టిమీటర్ ఫిల్టర్లు మార్చేవరకు ఈ ఏర్పాటు ఉండాలన్నారు. గమనించారా? దూరం, శక్తి తగ్గింపు, ఫిల్టర్: మూడు మందులూ ఇందులో ఉన్నాయి.

అయితే మొదటి రెండింటి భారం ఫోను వాడేవారి మీద పడింది. విమానాశ్రయం చుట్టూ ఉన్న బస్తీలవారికి ఆ పట్టీలోని 5జి అందకుండా పోయింది. ఆల్టిమీటరును తయారుచేసిన నాడే గట్టి ఫిల్టర్ పెట్టి ఉంటే ఇంత అవసరం వచ్చేది కాదు. కానీ ఆనాడు ఆ పక్క పట్టీలో ఇంత గట్టి గొంతులు ఉండేవి కావు.

గొంతు తగ్గించుకోమని పొరుగువారికి చెప్పడం ఈఎంసిలో సగం పని మాత్రమే. రేపు పక్కన ఎవరు చేరతారో ఊహించి, తన చెవిని తాను కాచుకోవడం మిగతా సగం.