ముక్కు పగిలేదాకా...

డిసెంబరు చివర్లో తెలంగాణ పల్లెలకు వెళ్తే చాలా ఇళ్లల్లో ఓ మూలన గోనెసంచులు కనిపిస్తాయి. పైన ఎండుగడ్డి దుప్పటి, ఆపైన బరువు. లోపలున్నవి యాసంగి నారు కోసం నానబెట్టిన వడ్లు. దీన్నే మండె కట్టడం అంటారు. వానకాలంలో అయితే ఒక రోజుకల్లా గింజ ముక్కు పగిలి తెల్లటి మొలక తొంగిచూస్తుంది. చలికాలంలో రెండోరోజు సంచి విప్పినా వేసిన గింజలు వేసినట్టే ఉంటాయి. విత్తనం నకిలీదేమోనన్న బెంగ అక్కడే మొదలవుతుంది. అప్పుడే కోసిన వడ్లయితే నిద్రావస్థ గొడవ వేరే ఉంటుందిగానీ, చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు, చలిది.

నీళ్లు పీల్చుకోగానే గింజలోని పిండం జిబ్బరెలిన్ అనే హార్మోనును వదులుతుంది. ఆ కబురందుకుని పైపొర కింది కణాలు అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేస్తాయి. అది పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. పసిమొలకకు అదే తొలి ఆహారం. 30 డిగ్రీల దగ్గర ఈ పనంతా చకచకా సాగిపోతుంది. 15కు దిగితే నత్తనడకే. 10 దగ్గర దాదాపు ఆగిపోతుంది. గోధుమ మాత్రం 5 డిగ్రీల చలిలోనూ నెమ్మదిగానైనా మొలుస్తుంది.

అలాగని వెచ్చదనం ఎంతుంటే అంత మంచిదనుకుంటే పొరపాటే. మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటుంది, వేడిని వదులుతుంది. సంచిని కిక్కిరిసేలా నింపి బిగించి కడితే ఆ వేడి బయటికి పోయే దారుండదు. 45 డిగ్రీలు దాటితే ఎంజైములు దెబ్బతింటాయి, కణాల పొరలు పాడై లోపలి సారం బయటికి కారిపోతుంది. పులిసిన వాసన వచ్చిందంటే ఆ విత్తనంపై ఆశ వదులుకోవాల్సిందే! అందుకే అనుభవమున్న రైతులు సంచిని వదులుగా నింపుతారు. మధ్యమధ్యలో చెయ్యిపెట్టి చూసి, వేడెక్కువనిపిస్తే నీళ్లు చిలకరించి తిరగేస్తారు. అరచేయే వాళ్ల థర్మామీటరు.

మొలకను మడిలో చల్లాక కూడా చలి వదలదు. నారు ఎదగదు, ఆకులు పసుపెక్కుతాయి. రాత్రిపూట కర్రల ఆసరాతో పాలిథిన్ పట్టా కప్పి పొద్దున్నే తీసేయమనీ, మడిలోని చల్లనీళ్లు తీసేసి కొత్తనీరు పెట్టమనీ శాస్త్రవేత్తలు చెబుతారు. చలికాలంలో బోరునీళ్లు గోరువెచ్చగా రావడం ఇక్కడ కలిసొచ్చే విషయం.

ఇంత తాపత్రయం ఎందుకంటే... నారు రెండు వారాలు వెనకబడితే నాటూ వెనక్కిపోతుంది. మార్చిలో రావాల్సిన పూత ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. పూత విచ్చుకునే వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు, కంకుల్లో తాలు మిగులుతుంది. కోతల నాటికి పడే వడగళ్ల భయం సరేసరి.