షార్ట్‌కట్లు పనిచేయనప్పుడు: పావగడ కంప్యూటరులో తెలుగు, కన్నడం

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. అక్కడ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగపు దరఖాస్తులో ఇంగ్లీషు వాడే విద్యార్థులు చాలామంది. ఈ మూడు భాషలూ ఒకే కీబోర్డు మీదికి వచ్చినప్పుడు కొన్ని చిత్రమైన ఇబ్బందులు ఎదురవుతాయి. కంట్రోల్ మీటతో సి నొక్కితే నకలు కాదు. కంట్రోల్‌తో ఎఫ్ నొక్కి వెతికితే కళ్లెదుట ఉన్న మాటే దొరకదు. కీబోర్డు చెడిపోయిందనుకుని కొందరు కొత్తది కొంటారు. చాలా సందర్భాల్లో చెడిపోయింది కీబోర్డు కాదు. నొక్కిన మీటను కంప్యూటరు మనం అనుకోని మరో భాషలో చదువుతోంది.

ఇది అర్థం కావాలంటే మీట నొక్కినప్పుడు జరిగేదేమిటో తెలియాలి. కీబోర్డు అక్షరాలను పంపదు. ఫలానా స్థానంలో ఉన్న మీటను నొక్కారని తెలిపే ఒక సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఆ సంఖ్య ఏ అక్షరమో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టంలో అప్పుడు అమల్లో ఉన్న మీటల అమరిక. ఆ తరవాతే అది వర్డ్ వంటి ప్రోగ్రాం చేతికి వస్తుంది. మధ్యలో లిపి సాఫ్ట్‌వేరు ఏదైనా నడుస్తుంటే, ప్రోగ్రాంకు చేరకముందే మీటను అదే అందుకోవచ్చు.

కర్ణాటక కార్యాలయాల్లో విస్తారంగా వాడే 'నుడి' సాఫ్ట్‌వేరును కన్నడ గణక పరిషత్తు రూపొందించింది. అందులోని అమరికకు మూలం కె.పి. రావు గారి కృషి. ఇంగ్లీషు ఉచ్చారణను అనుసరించే ఆ అమరికలో టి మీటకు త, హెచ్ మీటకు హ వస్తాయి. తెలుగుకు విండోస్‌లో సిద్ధంగా ఉండేది ఇన్‌స్క్రిప్టు. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ ప్రమాణంలో చేర్చిన అమరిక అదే. అందులో హెచ్ మీటకు ప వస్తుంది, టి మీటకు ఊకారపు గుర్తు. కె మీటకు మాత్రం రెండింటిలోనూ క. నొక్కిన మొదటి అక్షరం అదే అయితే, అమరిక మారిన సంగతి మనకు తట్టదు.

అందువల్ల మొదట చేయవలసిన పరీక్ష చాలా చిన్నది. లిపి సాఫ్ట్‌వేరును మూసివేసి, భాషను ఇంగ్లీషుకు మార్చి, అదే షార్ట్‌కట్‌ను మళ్లీ నొక్కి చూడాలి. ఇప్పటి విండోస్‌లో విండోస్ మీటతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. కొన్ని యంత్రాల్లో ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినా మారుతుంది. పొరపాటున భాష మారడానికి ఎక్కువగా కారణం ఈ రెండో జోడే. ఇంగ్లీషులో షార్ట్‌కట్ పనిచేస్తే కీబోర్డు బాగున్నట్టే. విండోస్ సాధారణంగా తెలుగు అమరికలో కూడా కంట్రోల్ సి వంటి జోడీలను గుర్తుపడుతుంది కాబట్టి, అక్కడ అనుమానం లిపి సాఫ్ట్‌వేరు మీదికి పోవాలి. లినక్సులో కథ కొంచెం వేరు. ఇంగ్లీషును తీసేసి తెలుగు ఒక్కదాన్నే ఉంచితే, సి మీట 'మ'గా మారి, కంట్రోల్‌తో నొక్కిన మ అంటే ఏమిటో కొన్ని ప్రోగ్రాములకు తెలియకపోవచ్చు. ఇంగ్లీషును జాబితాలో మొదటి అమరికగా ఉంచితే సరిపోతుంది.

ఇంగ్లీషులోనూ పనిచేయకపోతే తెరమీది కీబోర్డును తెరవాలి. విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే అది వస్తుంది. ఆ జోడీ కూడా పనిచేయకపోతే సెట్టింగులలోంచి మౌసుతో తెరవవచ్చు. చేతికింది కంట్రోల్ మీటను నొక్కినప్పుడు తెరమీది మీట వెలిగితే, సంకేతం లోపలికి చేరుతోందన్నమాట. వెలగకపోతే దుమ్మో, తీగో, మీటో చూడాలి. ఇంకొకటి: షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్, కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు అదిమి ఉంచితే ఫిల్టర్ కీస్ అమల్లోకి రావచ్చు. రెండోది అమల్లో ఉంటే, చటుక్కున నొక్కి వదిలిన మీటలను యంత్రం లెక్కచేయదు.

ఇక వెతకడం విషయానికి వద్దాం. రెండు లిపుల వాళ్లను ఎక్కువగా వేధించేది ఇదే, దీనికి షార్ట్‌కట్ దోషి కానే కాదు. తలకట్టు లేని జ, ల, బ వంటి అక్షరాలు తెలుగులోనూ కన్నడంలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇన్‌స్క్రిప్టు అమరికలో వాటి మీటలు కూడా రెండు భాషలకూ ఒకటే. 'జలజ' అని టైపు చేస్తే, భాష కన్నడంలో ఉన్నా వేళ్లకూ తేడా తెలియదు, కళ్లకూ తెలియదు. కంప్యూటరుకు మాత్రం అవి పూర్తిగా వేరు. యూనికోడులో తెలుగు జ సంఖ్య 3100, కన్నడ జ సంఖ్య 3228. ఒక పరిశోధక విద్యార్థి సేకరించిన తెలుగు మాటల పట్టికలో పది మాటలు ఇలా కన్నడ అక్షరాలతో పడ్డాయనుకుందాం. అకారాది క్రమంలో అవి అట్టడుగుకు చేరతాయి, వెతికితే దొరకవు, లెక్కల్లోకి రావు. ఆ మాట తాలూకాలో వాడుకలో లేదని వ్యాసంలో రాసేసే ప్రమాదం కూడా ఉంది.

అనుమానం వచ్చినప్పుడు వర్డ్‌లో భాషను ఇంగ్లీషుకు మార్చి, గుణింతపు గుర్తు లేని అక్షరం తరవాత కర్సరు పెట్టి, ఆల్ట్‌తో ఎక్స్ నొక్కాలి. తెలుగు జ అయితే 0సి1సి అనీ, కన్నడ జ అయితే 0సి9సి అనీ ఇంగ్లీషు అక్షరాలతో కనిపిస్తుంది. మళ్లీ అదే జోడీ నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది. గుణింతపు గుర్తు పక్కన చుక్కల వలయం కనబడినా లిపులు కలిసిపోయాయేమోనని చూసుకోవాలి. ఇలాంటి మాటను దిద్దడానికి దాన్ని మొత్తం చెరిపి తెలుగులో మళ్లీ కొట్టడమే మేలు.

అతికించిన పాఠం ఇంగ్లీషు గుర్తుల కుప్పగా మారితే అది మరో సంగతి. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు ఉండేవి. నకలు సరిగానే జరిగింది, కొత్త చోట ఆ ఫాంటు లేదంతే. దానికి కావలసింది యూనికోడులోకి మార్చే సాధనం. ఈ పరీక్షలన్నిటికీ ముందు, కంట్రోల్ ఎస్ పనిచేయకపోయినా ఫైల్ మెనూలోకి మౌసుతో వెళ్లి చేసిన పనిని భద్రపరుచుకోవాలి.