సాళువ నరసింహుడు: జీవితం, కుటుంబం

గుడుపల్లె నుంచి చిత్తూరు మీదుగా తిరుపతి వెళ్ళేటప్పుడు దారిలో చంద్రగిరి వస్తుంది. ఈ భాగంలో మీరు చదవబోయే సాళువ నరసింహుని అధికార కేంద్రం ఆ కోటే. మధ్యయుగ జర్మనీలో డ్యూక్ వలెనే, విజయనగర రాజ్యంలో మహామండలేశ్వరుడు పైరాజుకు లోబడి ఉంటూనే తన సీమను తాను పాలించేవాడు.

‘సాళువ’ అంటే డేగ. ఈ వంశీయుడైన మంగి, కుమార కంపన మధుర దండయాత్రలో పాల్గొన్నాడు. నరసింహుని తండ్రి గుండరాజు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని నరసింహునికే అంకితమిచ్చాడు.

సంగమ వంశం బలహీనపడగా గజపతులు, బహమనీలు రాజ్యంలోకి చొచ్చుకువచ్చారు. ఆ స్థితిలో 1485లో నరసింహుడు సింహాసనాన్ని ఆక్రమించాడు. 1491లో మరణించే ముందు, చిన్నవారైన ఇద్దరు కుమారులను సేనాని తుళువ నరసనాయకునికి అప్పగించాడు. పెద్ద కుమారుడు హత్యకు గురయ్యాడు. రెండవవాడు ఇమ్మడి నరసింహుడు పేరుకే రాజు, అధికారమంతా సంరక్షకునిదే. 1505లో ఇమ్మడి నరసింహుడు కూడా హతుడయ్యాడు. నరసనాయకుని కుమారుడు వీరనరసింహుడు రాజయ్యాడు.

గమనించండి: బలహీనుడైన రాజును బలవంతుడైన సామంతుడు తొలగించవచ్చునని చూపినవాడు నరసింహుడే. ఆ దారిలోనే ఆయన బిడ్డలు రాజ్యాన్ని కోల్పోయారు. సైన్యం ఎవరి చేతిలో ఉంటే వారసత్వం వారిదయింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: 1485, 1505 నాటి రాజ్యాధికార మార్పులలోని పోలికలు, భేదాలు వివరించండి.