మనిషి ఎదుగుదల, మనిషికి ఆసరా – జంటగా చదవదగ్గ చదువులు



ఇంటర్ పాసైన అమ్మాయి “హ్యూమన్ డెవలప్‌మెంటూ, సోషల్ వర్కూ కలిపి చదువుతానమ్మా” అంటే మనకు నవ్వొస్తుంది. పిల్లల్ని పెంచడం, పదిమందికి సాయపడటం మనకు తెలియని విద్యలా? వాటికి యూనివర్సిటీ ఎందుకూ అనుకుంటాం.

మూడేళ్ళు నిండినా మాట్లాడని పాప ఒకతె ఉందనుకోండి. “వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి” అని ఇంట్లో సరిపెట్టుకుంటారు. మానవ వికాసం చదివినామె అలా ఊరుకోదు. రెండేళ్ళకల్లా చాలామంది పిల్లలు “అమ్మా, రా”, “పాలు కావాలి” అని రెండేసి మాటలు కలుపుతారని ఆమెకు తెలుసు. ముందు పాపకు చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో చూపించమంటుంది.

చూపించేదెవరు? ఆస్పత్రికి వెళితే తల్లికి ఆనాటి కూలి పోతుంది. అత్తగారేమో “పిల్లకేం రోగం?” అంటుంది. ఇక్కడ సోషల్ వర్క్ అక్కరకొస్తుంది. ఎవర్నీ తప్పుపట్టకుండా మాట్లాడి ఒప్పించడం, ఉచితంగా ఎక్కడ చూస్తారో చెప్పడం, అవసరమైతే వెంట వెళ్ళడం ఆ చదువులో నేర్పుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఇలాంటి పరీక్షలు ఉచితమే. ఆ కబురు ఆ గుమ్మందాకా చేరకపోతే ఏం లాభం?

మొదటి చదువొక్కటే ఉంటే లోపం తెలుస్తుంది, దారి దొరకదు. రెండోదొక్కటే ఉంటే సాయపడాలని ఉంటుంది గాని, ఏ వయసుకు ఏది అవసరమో తెలియదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన ఐ.సి.డి.ఎస్. పథకం పిల్లల తిండినీ, టీకాలనూ, ఆటపాటల చదువునూ అంగన్‌వాడీలో ఒకచోట చేర్చింది. పిల్లల అవసరాలు విడివిడిగా రావు కదా!

మానవ వికాసమంటే పిల్లల సంగతే కాదు సుమండీ. పెళ్ళీడు పిల్లల అలజడి, రిటైరైన మామగారి ఒంటరితనం కూడా అందులో పాఠాలే.

మానవ వికాసం చాలాచోట్ల హోమ్ సైన్సులో ఒక శాఖ. సోషల్ వర్క్‌లో తరగతులతోపాటు బస్తీల్లో, ఆస్పత్రుల్లో ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యు.జి.సి. 2022లో అనుమతించింది. రెండూ కాలేజీకి వెళ్ళి చదివేవైతే తరగతుల వేళలు ఢీకొనకూడదు. లేదా ఒకటి దూరవిద్యలో చదవచ్చు. అయితే కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ముందే విచారించండి.

ఇంజనీరు జీతం రాకపోవచ్చు. కానీ ఆస్పత్రులు, స్కూళ్ళు, బాలల సంరక్షణ కార్యాలయాల్లో ఈ చదువుతో పని ఉంది. మీ అమ్మాయి అడిగితే నవ్వి తోసెయ్యకండి. ఎక్కడుందో కనుక్కుందాం పద అనండి.